నెలలు నిండేవేళ వాంతులు

మన ఇళ్ళలో కడుపుతో ఉన్న పిల్ల వాంతి చేసుకుంటే ఎవరూ కంగారు పడరు. వేవిళ్ళు అనే మాట ఒకటి ఉన్నది గదా! ఆ మాట అనుకొని, చేతికి ఒక నిమ్మకాయ ఇచ్చి, నోటికి హితవైనది వండిపెట్టి ఊరుకుంటాము. మూడో నెలలో అది సరియైన పనే. అయితే ఆ వాంతులే ఎనిమిదో నెలలోనో, తొమ్మిదో నెలలోనో కొత్తగా మొదలయితే? అప్పుడు కూడా ఆ మాటే అనుకొని ఊరుకుందామా? ఈ ప్రశ్నకు జవాబు మా రక్తసంబంధుల ఇంటిలోనే చూచాను గనుక, కూతుళ్ళు, కోడళ్ళు ఉన్న తల్లులందరికీ ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో 31 సంవత్సరాలు స్టాఫ్ నర్సుగా పనిచేశాను. అందులో సగానికి పైగా కాన్పుల వార్డులోనే గడిచింది. వేల కాన్పులు చూచాను. కాని నేను చెప్పబోయే జబ్బును నా ఉద్యోగ కాలంలో ఒక్కసారే చూచాను. 1994లో పాడేరు వైపునుండి ఒక అమ్మాయిని తీసికొని వచ్చారు. తొలిచూలు, ఎనిమిదో నెల. మూడు రోజులనుండి వాంతులన్నారు. కళ్ళు పచ్చబడి ఉన్నాయి. సాయంత్రానికి కన్నతల్లిని గుర్తుపట్టలేదు. సూది గుచ్చిన ప్రతి చోటనుండీ రక్తం ఆగకుండా కారింది. మరునాటి రాత్రి ఆ తల్లి, కడుపులోని బిడ్డ ఇద్దరూ దక్కలేదు.

తరువాత మా పెద్ద డాక్టరమ్మ నర్సులందరినీ కూర్చోబెట్టి ఆ జబ్బు పేరు చెప్పారు. అక్యూట్ ఫ్యాటీ లివర్ ఆఫ్ ప్రెగ్నెన్సీ. అంటే గర్భిణి కాలేయంలో ఉన్నట్టుండి కొవ్వు చేరి, కొద్ది రోజులలోనే అది పని మానివేయడం. "చివరి మూడు నెలల్లో కొత్తగా వాంతులు మొదలైన మనిషిని చూస్తే ముందు రక్తంలో షుగరు చూడండి" అన్నారావిడ. షుగరు పెరిగిందేమోనని కాదు, పడిపోయిందేమోనని. ఆ మాట నాలో ఉండిపోయింది. ఇరవై నాలుగేళ్ళ తరువాత మా ఇంటి పిల్ల విషయంలోనే అది అక్కరకు వచ్చింది.

2018 మే నెల. మా చెల్లెలి కూతురు తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉన్నది. పుట్టిల్లు చోడవరం దగ్గర ఒక పల్లె. ఆమె భర్త మా తమ్ముడి కొడుకే. విశాఖ హార్బరులో కాంట్రాక్టు పని చేసుకుంటాడు. మేనరికం గనుక నేను ఆ పిల్లకు పెద్దమ్మను, ఆ పిల్లవానికి మేనత్తను. ఒకనాడు చెల్లెలు ఫోను చేసింది. "అక్కా, పిల్ల నాలుగు రోజులనుంచి ఏదీ ఇముడ్చుకోలేకపోతోంది. ఎండలు చూస్తే ఇలాగున్నాయి. పైగా మామిడిపళ్ళు తినేసింది. వేడి చేసేసినట్టుంది" అన్నది. అప్పటికి ఆ పిల్లకు 35 వారాలు.

నేను ఒక్కొక్కటే అడిగాను, చెల్లెలు ఒక్కొక్కదానికే జవాబు చెప్పింది. దాహం ఎక్కువగా ఉన్నదా? ఉన్నది, రాత్రి లేచి లేచి నీళ్ళు తాగుతోంది, అన్నిసార్లూ బయటికి వెళుతోంది, ఎండకాలం గదా. కడుపులో నొప్పి? రొమ్ము కింద మంటగా ఉన్నదట, గ్యాసు గదా. నీరసం? లేవలేకపోతోంది, నెలలు నిండుతున్నాయి గదా. ఊళ్ళో ఆర్.ఎం.పి. ఒక ఇంజెక్షను చేసి సెలైన్ ఎక్కించాడు. పూట సేపు నిదానించి వాంతులు మళ్ళీ మొదలయ్యాయి.

చూశారా సహోదరీలారా! ప్రతి బాధకూ మన ఇంటిలో ఒక జవాబు సిద్ధంగా ఉన్నది. దాహానికి ఎండ, మంటకు గ్యాసు, నీరసానికి నెలలు, వాంతులకు మామిడిపండు. విడివిడిగా చూస్తే ఏ జవాబూ తప్పు కాదు. అన్నీ ఒకే మనిషికి ఒకే వారంలో వచ్చినప్పుడు మాత్రం వాటన్నిటి వెనుక ఒకే కారణం ఉండవచ్చును. ఈ జబ్బు ఇంత ప్రమాదకరం కావడానికి ఒక కారణం ఇదే. అది మనకు బాగా అలవాటైన బాధల వేషం వేసుకొని వస్తుంది.

గాజువాకలో బస్సెక్కి, అనకాపల్లిలో మారి, సాయంత్రం నాలుగు గంటలకు ఇల్లు చేరాను. పిల్లను వాకిట్లో వెలుతురులోకి తీసికొనివచ్చి కళ్ళు చూచాను. తెల్లగుడ్డు పచ్చబడి ఉన్నది. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తున్నదట. కామెర్లేమోనని ఇంట్లో అనుమానం అప్పటికే వచ్చింది. మరునాడు తెల్లవారగానే పరగడుపున పసరు తాగించాలని, పక్క ఊరి పెద్దమనిషితో మాట్లాడి ఉంచారు. పావుగంటలో ఆ పిల్ల "ఎప్పుడొచ్చావు పెద్దమ్మా?" అని నన్ను మూడుసార్లు అడిగింది. నాకు షుగరు జబ్బు ఉన్నది గనుక వేలికి గుచ్చి చూచే మిషను నా సంచిలోనే ఉంటుంది. దానితో చూచాను. 46 వచ్చింది. షుగరు జబ్బు లేని మనిషికి, మందులేవీ వేసుకోని మనిషికి 46!

అక్కడికక్కడ గ్లూకోజు నీళ్ళు కొద్దికొద్దిగా తాగించి 108కి ఫోను చేశాము. అంబులెన్సులో కూడా గ్లూకోజు ఎక్కించారు. రాత్రికి విశాఖ కేజీహెచ్ చేరాము. 1923లో ప్రారంభమైన ఆ పెద్దాసుపత్రికి శ్రీకాకుళం, విజయనగరంనుండే గాక ఒడిషా, ఛత్తీస్‌గఢ్‌లనుండి కూడా రోగులు వస్తారని మన ప్రాంతం వారందరికీ తెలిసినదే. అక్కడి వైద్యులు చూచేసరికి బిడ్డ గుండె చప్పుడు వినబడలేదు. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం బాగా పెరిగిపోయి ఉన్నది. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయి. తల్లిని దక్కించుకోవాలంటే కాన్పు ఆలస్యం కాకూడదు, కాన్పు చేయాలంటే ముందు రక్తం గడ్డకట్టేలా ప్లాస్మా ఎక్కించాలి అన్నారు.

ఆ రాత్రి మా సంఘం యువకులకు కబురు పెట్టాము. తొమ్మిదిమంది వచ్చారు. వారిలో ఇద్దరు స్టీల్‌ప్లాంటులో బి షిఫ్టు దిగి, ఇంటికి వెళ్ళకుండా తిన్నగా బ్లడ్ బ్యాంకుకు వచ్చినవారు. మందులిచ్చి నొప్పులు తెప్పించగా మరునాటి ఉదయం కాన్పయింది. మగబిడ్డ. ఊపిరి లేదు. తల్లికి రక్తస్రావం ఎక్కువైంది, మళ్ళీ రక్తం ఎక్కించారు. రెండు రోజులు మనిషి మనలో లేదు. మూడో రోజున కళ్ళు తెరచి వాళ్ళమ్మను పిలిచింది. పదహారో రోజున నడిచి ఇంటికి వచ్చింది.

ఇప్పుడు ఈ జబ్బు సంగతి వివరంగా చెబుతాను. కాలేయం మన శరీరంలో వంటిల్లు వంటిది. తినని వేళలలో రక్తానికి చక్కెర అందించేది అదే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలు తయారుచేసేది అదే. విషాలను విరిచివేసేదీ అదే. కాలేయపు కణాలలో సన్నని కొవ్వు బిందువులు నిండిపోతే ఈ పనులన్నీ ఒకేసారి ఆగిపోతాయి. షుగరు పడిపోతుంది, రక్తం గడ్డకట్టదు, కళ్ళు పచ్చబడతాయి, మతి తప్పుతుంది. కొవ్వు ఇంత చేసినా పొట్ట స్కానింగులో ఒక్కొక్కసారి ఏమీ కనబడదు. గనుక "స్కానింగు బాగానే ఉన్నది" అన్నంతమాత్రాన ఈ జబ్బు లేదనుకోరాదు. రక్తపరీక్షలే దీనిని పట్టిస్తాయి.

హెరాల్డ్ షీహాన్ అనే వైద్యుడు 1940లో ఈ జబ్బును ప్రత్యేకంగా వర్ణించాడు. ఆ తరువాత చాలా ఏళ్ళవరకు ఇది వచ్చిన తల్లులలో ఎక్కువమంది చనిపోయేవారు. 2002లో వేల్స్ దేశపు వైద్యులు 14 గుర్తులతో ఒక పట్టిక తయారుచేశారు. వేరే కారణం ఏదీ లేకుండా వాటిలో ఆరు గాని అంతకు మించి గాని ఉంటే ఈ జబ్బుగా భావించాలన్నారు. దానిని స్వాన్సీ గుర్తులంటారు. వాంతులు, కడుపునొప్పి, విపరీతమైన దాహం, మతి తప్పడం, షుగరు తగ్గడం ఆ పట్టికలో ఉన్నవే. 2005, 2006 సంవత్సరాలలో బ్రిటన్ దేశమంతటా లెక్క తీస్తే సుమారు 20,000 కాన్పులకు ఒకరికి ఈ జబ్బు వచ్చింది. అలా దొరికిన 57 మంది తల్లులలో చనిపోయినది ఒక్కరే. ఒకనాడు ఎక్కువమందిని బలిగొన్న జబ్బు ఇలా లొంగడానికి కొత్త మందేదీ కనిపెట్టలేదు. త్వరగా గుర్తుపట్టడం, వెంటనే కాన్పు చేయడం, గ్లూకోజు, రక్తం అందించడం, ఇంతే. కాన్పయిన తరువాత కాలేయం తనంతట తాను కోలుకోవడం మొదలుపెడుతుంది. బ్రతికి బయటపడిన తల్లికి సాధారణంగా కాలేయంలో ఏ లోపమూ మిగలదు.

మా పిల్ల ఇంటికి వచ్చిన తరువాత అంతకంటె కష్టమైన సంగతి ఎదురైంది. లివరుకు కొవ్వు పట్టిందని వైద్యులు అన్న మాటను మా మరదలు తనకు తోచినట్టు అర్థం చేసికొన్నది. "పుట్టింట్లో నూనె వంటలు, నేతి వంటలు మేపారు, కొవ్వు పట్టింది, బిడ్డను పోగొట్టారు" అన్నది. మా చెల్లెలు ఊరుకుంటుందా? "అత్తవారింట్లో ఏడు నెలలు తిండి సరిగా పెట్టక చంపారు" అన్నది. అటు తమ్ముడి ఇల్లు, ఇటు చెల్లెలి ఇల్లు. మధ్యలో బిడ్డను పోగొట్టుకొని, పాలు చేపుకొచ్చి తడిసిన జాకెట్టుతో గోడవైపు తిరిగి పడుకొన్న పిల్ల. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. ఆమె మాత్రం నన్ను ఒకే ఒక్క మాట అడిగింది. "పెద్దమ్మా, నేనేం తిన్నాను?"

ఈ ఒక్క మాట కోసమైనా ఈ వ్యాసం వ్రాయాలనిపించింది. సహోదరీలారా, ఈ జబ్బు నెయ్యి తింటే రాదు, నూనె తింటే రాదు. ఇది సన్నగా ఉన్న ఆడపిల్లలకు కూడా వస్తుంది. కొన్ని కుటుంబాలలో దీని మూలం కడుపులోని బిడ్డలో ఉంటుంది. కొవ్వును కరిగించి శక్తిగా మార్చే ఒక పదార్థం మన శరీరంలో ఉన్నది. దానిని తయారుచేసే జన్యువులో లోపం తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి ఉండవచ్చును. వారిద్దరూ ఆరోగ్యంగానే ఉంటారు. రెండు లోపాలూ బిడ్డకు సంక్రమిస్తే ఆ బిడ్డ కొవ్వును కరిగించుకోలేదు. కరగని ఆ కొవ్వు పదార్థాలు మాయ ద్వారా తల్లి రక్తంలోకి వచ్చి ఆమె కాలేయాన్ని దెబ్బతీస్తాయి. మేనరికాలలో ఒకే లోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. అందుకే డాక్టరుగారు మమ్మల్ని మొదట అడిగినది "మేనరికమా?" అనే.

మా పిల్లకు, ఆమె భర్తకు ఆ పరీక్ష చేయించాము. రక్తం వేరే రాష్ట్రంలోని లేబరేటరీకి పంపారు. ఇద్దరిలోనూ ఆ లోపం కనబడలేదని రిపోర్టు వచ్చింది. చాలామందిలో ఇలాగే కారణం తేలదని డాక్టరుగారు చెప్పారు. తొలికాన్పు, కవలలు, మగబిడ్డ, బి.పి. ఉన్నవారిలో ఇది కొంచెం ఎక్కువగా కనబడుతుంది. అంతమాత్రాన ఇవి ఎవరి దోషమూ కాదు. ఆ రిపోర్టు తీసికొని నేను ముందు తమ్ముడి ఇంటికి, తరువాత చెల్లెలి ఇంటికి వెళ్ళి రెండుచోట్లా ఒకే విధంగా చదివి వినిపించాను. మా మరదలు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు "అయితే పిల్లను ఎప్పుడు తీసుకొచ్చుకోమంటావు వదినా?" అన్నది.

ఒకసారి ఈ జబ్బు వచ్చినవారికి మరల గర్భం వస్తే, అది తిరిగి వచ్చే అవకాశం కొంత ఉన్నది. గనుక మొదటినుండీ పెద్దాసుపత్రిలోనే చూపించుకోవాలి. మా పిల్ల రెండోసారి గర్భవతి అయినప్పుడు ఏడో నెలనుండి తరచుగా కాలేయపు పరీక్షలు చేయించాము. పాత డిశ్చార్జి కాగితం ప్రతిసారీ చేతిలో పట్టుకొని వెళ్ళేది. 2022లో ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు కూడా పుట్టగానే షుగరు చూచారు. వేళ తప్పకుండా పాలు పట్టాలనీ, ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచరాదనీ చెప్పారు. ఇది చాలా ముఖ్యమైన మాట. ఈ జబ్బు వచ్చిన తల్లికి పుట్టిన బిడ్డ పైకి బాగానే కనబడినా పిల్లల డాక్టరుకు ఈ సంగతి తప్పక చెప్పాలి. నేను పైన చెప్పిన లోపం బిడ్డలో ఉంటే, పాలు తప్పిన పూట షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇక్కడ ఇంకొక సంగతి. ఈ రోజుల్లో చాలామందికి స్కానింగు రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని వ్రాసి ఇస్తున్నారు. అది నేను చెప్పిన జబ్బు కాదు. బరువు, షుగరు, కదలిక లేని పని, ఇటువంటి వాటివలన ఏళ్ళ తరబడి నెమ్మదిగా పేరుకునే కొవ్వు అది. దానికి కంగారు పడనవసరం లేదు, అలాగని తీసిపారవేయనూ రాదు. ఆ కొవ్వు ఉన్న స్త్రీలకు గర్భంతో షుగరు రావడం, బి.పి. పెరగడం, నెలలు నిండక ముందే కాన్పు కావడం ఇతరులకంటె ఎక్కువ. గనుక మొదటి పరీక్షకు వెళ్ళిన రోజునే ఆ రిపోర్టు చూపించండి. పెండ్లయిన పిల్లలు గర్భం రాకముందే బరువు అదుపులో పెట్టుకుంటే మరీ మంచిది.

కామెర్లు అన్నీ ఈ జబ్బువలనే రావు. మురికి నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఇ అనే కామెర్లు కూడా గర్భిణులకు, అందునా చివరి నెలల్లో, ప్రాణాంతకమే. 1955 చివరిలో ఢిల్లీలో మురుగు కలిసిన నీటివలన ఇటువంటి కామెర్లు వేలమందికి వచ్చినప్పుడు గర్భిణులే ఎక్కువగా నష్టపోయారు. గనుక కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వండి. ఏ కామెర్లో మనం కంటితో చూచి చెప్పలేము, పసరు ఇచ్చే పెద్దమనిషీ చెప్పలేడు. మామూలు కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి గనుక పసరుకు పేరు వచ్చింది. గర్భిణికి మాత్రం ఆ మూడు రోజుల ఆగడమే చేటు. పరగడుపు మందు, ఉప్పు నూనె లేని పథ్యం, చేతిమీద వాతలు, ఇవేవీ ఆమెకు వద్దు. షుగరు పడిపోతున్న మనిషిని పస్తు ఉంచడం ఆరిపోయే దీపాన్ని ఊదడమే.

ఉపవాసం సంగతి కూడా చెప్పాలి. మా పిల్ల రెండో గర్భంతో ఉన్నప్పుడు ఉపవాస ప్రార్థన రోజున తాను కూడా భోజనం మానుతానన్నది. మా సంఘ కాపరిగారు ఒప్పుకోలేదు. "నీ పక్షంగా మేముంటాము, నువ్వు తిని కూర్చోమ్మా" అన్నారు. ప్రతి సంఘంలోనూ గర్భిణులకు ఈ మాట పెద్దలే ముందుగా చెప్పడం మంచిది. వారు అడగడానికి మొహమాటపడతారు.

చివరిగా, ఇంటిలో ఆరో నెల దాటిన గర్భిణి ఉన్నవారు ఈ గుర్తులు జ్ఞాపకం ఉంచుకోండి. కొత్తగా మొదలై ఒక రోజుకు మించి ఆగని వాంతులు. రొమ్ము కింద, కుడి డొక్కలో నొప్పి. తీరని దాహం. తలనొప్పి, ఉబ్బు, బి.పి. పచ్చని కళ్ళు, చిక్కని రంగు మూత్రం. చిగుళ్ళనుండి, ముక్కునుండి రక్తం. అన్నింటికీ మించి మాట తడబడటం, మగతగా ఉండటం, అడిగినదే అడగటం. బిడ్డ కదలిక తగ్గటం. వీటిలో ఏది కనబడినా ఆ రోజే ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి. మగత, రక్తం, పచ్చని కళ్ళు కనబడితే తెల్లవారేదాకా కూడా ఆగవద్దు, 108కి ఫోను చేయండి. అక్కడ నోరు విప్పి అడగండి: "అయ్యా, షుగరు, లివరు పరీక్ష, కిడ్నీ పరీక్ష, రక్తం గడ్డకట్టే పరీక్ష, ప్లేట్‌లెట్లు చూడండి." అలా అడిగినందుకు ఎవరైనా విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఏ బాధా లేకపోయినా నెలనెలా పరీక్ష మానవద్దు. 2016నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే పథకం ఉన్నది. మీ ఊరి ఆశా కార్యకర్తను అడిగితే వివరం చెబుతుంది. సంఘంలోని యువజనులు ఎవరిది ఏ గ్రూపు రక్తమో ఒక పుస్తకంలో వ్రాసి, ఫోను నంబర్లతో కాపరిగారి ఇంట ఉంచండి. ఏ తల్లికి ఏ అర్ధరాత్రి అక్కరపడుతుందో తెలియదు. ఆ గంటలో పుస్తకం తెరిస్తే తొమ్మిది పేర్లు దొరకాలి.